చత్వారం వచ్చాక రైఫిల్ పట్టడం: చెన్నైలో నడివయసు దాటినవారికి ఒక మార్గదర్శి

పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో వాడే టార్గెట్ నడిమధ్యన ఉండే పది పాయింట్ల చుక్క వ్యాసం అర మిల్లీమీటరు. పోపులో వేసే ఆవగింజ కూడా దానికంటే రెండు మూడింతలు పెద్దగా ఉంటుంది. ఈ సంగతి మొదటిసారి విన్నవారెవరైనా ఇది కుర్రవాళ్ల కళ్లకూ చేతులకూ తగిన ఆటే తప్ప మనబోటివారికి కాదనుకుంటారు. యాభై రెండో ఏట ఎగ్మూరులో రేంజి గడప తొక్కిన రోజున నేనూ అలాగే అనుకున్నాను. అయితే ఈ ఆట పరుగును అడగదు, కండబలాన్ని పెద్దగా అడగదు. కదలకుండా నిలబడగలగడాన్నీ, చేసిన పనినే విసుగు లేకుండా మళ్లీ అదే తీరున చేయగలగడాన్నీ అడుగుతుంది. స్వీడన్‌కు చెందిన ఆస్కార్ స్వాన్ 1920లో ఆంట్వెర్ప్ ఒలింపిక్స్‌లో రజత పతకం అందుకునేనాటికి ఆయన వయసు 72. పారిస్‌లో 2024లో పిస్టల్ మిశ్రమ జట్టు పోటీలో రజతం గెలిచిన తుర్కియే షూటర్ యూసుఫ్ డికెచ్‌కు అప్పటికి 51 ఏళ్లు. ఉత్తరప్రదేశ్‌లోని జోహ్రీ గ్రామానికి చెందిన చంద్రో తోమర్ అరవై దాటిన తరువాతే మొదటిసారి తుపాకీ ముట్టుకున్నారు. వారి పతకాలు వారివే గాని, వయసు ఈ ఆటకు తలుపు మూయదని నమ్మడానికి ఆ పేర్లు చాలు.

ఒక్క విషయం మాత్రం మొదటే గట్టిగా చెప్పాలి. పదిహేనేళ్ల పిల్లవాడు ఈ ఆటలోకి వచ్చే వరస వేరు, మనం రావలసిన వరస వేరు. వాడు రైఫిల్‌తో మొదలుపెట్టి, మిగిలినవన్నీ దాని వెంట సమకూర్చుకోవచ్చు. మనం కళ్లజోడుతో మొదలుపెట్టి రైఫిల్‌తో ముగించాలి. నేను ఈ వరసను తలకిందులు చేసుకుని దాదాపు ఒక ఏడాదినీ, కొంత డబ్బునూ పోగొట్టుకున్నాను కనుక, సరైన వరసలోనే ఈ మార్గదర్శిని రాస్తున్నాను.

మొదటి మెట్టు: కంటి వైద్యుడు, ఇంటి వైద్యుడు

రైఫిల్ గురిలో కన్ను మూడింటిని ఒక వరసలో చూడాలి. కంటికి దగ్గరగా పీప్ సైట్ అనే సన్నని రంధ్రం ఉంటుంది. గొట్టం చివర ఫ్రంట్ సైట్‌లో ఒక వలయం ఉంటుంది. పది మీటర్ల అవతల టార్గెట్‌లోని నల్లని గుండ్రం ఉంటుంది. ఆ నల్లని భాగం వ్యాసం 30.5 మిల్లీమీటర్లు, అంటే పది రూపాయల నాణెం కంటే కాస్త పెద్దది. ఈ మూడింటిలో స్పష్టంగా కనబడవలసింది ఫ్రంట్ సైట్ వలయం. టార్గెట్ కొంత మసకగా ఉన్నా నష్టం లేదు. చిక్కంతా ఇక్కడే వస్తుంది. ఫ్రంట్ సైట్ కంటికి దాదాపు ఒక మీటరు దూరంలో ఉంటుంది. చత్వారం వచ్చిన కన్ను ఆ దూరానికి తనంతట తాను సర్దుకోలేదు. దూరపు అద్దంతో చూస్తే వలయం అలుక్కుపోతుంది, చదువుకునే అద్దంతో చూస్తే టార్గెట్ పూర్తిగా మాయమవుతుంది. బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలు ఇంకా ఇబ్బంది పెడతాయి, ఎందుకంటే రైఫిల్ మీద తల ఆన్చినప్పుడు మనం అద్దం మధ్యలోంచి కాక, ముక్కు పక్కన ఉండే పై మూలలోంచి చూస్తాము.

కనుక గురిపెట్టే కంటికి ఒకే పవరు ఉన్న అద్దం విడిగా చేయించుకోవాలి. దూరపు చూపుకు ఉన్న పవరుకు +0.50 కలపడం రైఫిల్ షూటర్లలో ఎక్కువమంది పాటించే లెక్క. ఉదాహరణకు దూరపు పవరు -1.00 అయితే గురి అద్దం -0.50 అవుతుంది, దూరానికి అద్దమే అక్కరలేని వారికి +0.50 సరిపోతుంది. ఇది మొదటి అంచనా మాత్రమే, కాబట్టి పరీక్షకు వెళ్లేటప్పుడు కంటికీ ఫ్రంట్ సైట్‌కూ మధ్య దూరాన్ని టేపుతో కొలిచి, ఆ అంకెను డాక్టరుకు చెప్పండి. మధుమేహం ఉన్నవారికి చక్కెర హెచ్చుతగ్గులను బట్టి చూపు పవరు కూడా మారుతుంటుంది గనుక, అది అదుపులో ఉన్న రోజుల్లోనే పరీక్ష చేయించుకోవడం మంచిది. శుక్లం మొదలైన వారు ఆపరేషన్ సంగతి తేలాకనే అద్దం చేయించుకోవాలి. పోనుపోను, అద్దం చూపు రేఖకు నిలువుగా వచ్చేలా తిప్పుకోగలిగే షూటింగ్ ఫ్రేము కొనుక్కోవచ్చు. మొదటి ఆరు నెలలకు మామూలు ఫ్రేమే చాలు.

రెండో కన్ను మూయకండి. ఒక కన్ను బిగించి మూస్తే ముఖ కండరాలు లాగి, తెరిచిన కన్ను కూడా అలసిపోతుంది. దాని ముందు తెల్లని ప్లాస్టిక్ ముక్క ఒకటి అడ్డు పెట్టుకోవాలి. పోటీల్లో దాని వెడల్పు 30 మిల్లీమీటర్లు మించకూడదు. మీ ప్రధాన నేత్రం ఏదో కూడా ఇప్పుడే తేల్చుకోండి. రెండు అరచేతులూ చాచి, మధ్యలో చిన్న సందు ఉంచి, దానిలోంచి గోడ గడియారాన్ని చూస్తూ ఒక్కొక్క కన్నూ మూసి చూడండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం సందులోనే నిలుస్తుందో అదే ప్రధాన నేత్రం.

ఇక ఇంటి వైద్యుడి దగ్గర అడగవలసినవి రెండు. నడుములోనూ మెడలోనూ అరుగుదల ఉన్నవారు, నడుమును కాస్త వెనక్కి వంచి పక్కకు తిప్పి నిలబడవచ్చునా అన్నది మొదటిది. రెండోది మందుల జాబితా. రక్తపోటుకూ గుండెదడకూ ఇచ్చే అటెనొలాల్, మెటొప్రొలాల్, ప్రొప్రనొలాల్ వంటి బీటా బ్లాకర్లు గుండె వేగాన్ని తగ్గించి చేతి వణుకును అణచివేస్తాయి. అందుకే ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ షూటింగ్‌లో వాటిని పోటీ రోజునే కాక మిగిలిన రోజుల్లో కూడా నిషేధించింది. నీటికాసులకు వాడే టిమొలాల్ ఆ జాతి మందే. రక్తపోటుకే ఇచ్చే మూత్రకారక మందులు కూడా నిషిద్ధ జాబితాలో ఉన్నాయి. కేవలం సరదాకు కాల్చుకునేవారు దీని గురించి కలత చెందనక్కరలేదు. పోటీలకు వెళ్లదలచినవారు మాత్రం ముందుగా డాక్టరుతో మాట్లాడి, మందు మార్చే వీలుందేమో కనుక్కోవాలి. చికిత్స నిమిత్తం మినహాయింపు కోరే పద్ధతి ఉన్నా, ఈ ఆటలో బీటా బ్లాకర్లకు అది అంత తేలికగా రాదు. పతకం కోసం మాత్రను సొంతంగా మానేయడం మాత్రం ఎవరూ చేయకూడని పని.

రెండో మెట్టు: రేంజి, కోచ్

చెన్నైలో ఈ ఆటకు పాత చిరునామా ఎగ్మూరులోని చెన్నై రైఫిల్ క్లబ్బు. అది పాత పోలీసు కమిషనర్ కార్యాలయం ఆవరణలో ఉంది. ఆటో ఎక్కేటప్పుడు ‘పాత’ అన్న మాట తప్పక చెప్పండి. కమిషనర్ కార్యాలయం వేపేరికి మారి చాలాకాలమైంది. నటుడు అజిత్ కుమార్‌ను కూడా 2021లో ఒక టాక్సీ డ్రైవరు క్లబ్బుకు బదులు వేపేరిలోని కొత్త కార్యాలయానికి తీసుకువెళ్లిన సంగతి పత్రికల్లో వచ్చింది. సికింద్రాబాదులో పుట్టిన ఆయన యాభైకి చేరువవుతున్న వయసులో ఆ ఏడాదే తమిళనాడు రాష్ట్ర పోటీల్లో పిస్టల్ విభాగంలో పతకాలు గెలిచారన్నది మనకు పనికొచ్చే కబురు. ఎయిర్ రైఫిల్ మాత్రమే నేర్పే ప్రైవేటు రేంజిలు కూడా నగరంలో ఉన్నాయి. మొదటి ఏడాదికి ఇంటికి దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకోవడమే తెలివైన పని. పెరంబూరు నుంచి వారానికి మూడుసార్లు ఊరు దాటి వెళ్లేవాడి ఉత్సాహం ఎన్నాళ్లు నిలుస్తుందో మనకు తెలియనిది కాదు.

చేరేముందు ఒక పూట ఊరికే కూర్చుని చూడండి. అద్దెకు ఇచ్చే రైఫిళ్లలో పీప్ సైట్ ఉన్నవి ఉన్నాయా, అవి గాలి సిలిండరుతో పనిచేసేవా, టార్గెట్ మీద వెలుతురు సమంగా పడుతోందా అన్నవి గమనించండి. అన్నిటికంటే ముఖ్యం, కోచ్ వయసు మళ్లినవారితో ఎలా మాట్లాడుతున్నారన్నది. ‘సార్, మీరు పదేసి గుండ్లు కాల్చి వెళ్లండి’ అని మర్యాదగా వదిలేసే కోచ్ కంటే, మీ పాదాల దగ్గర వంగి చూసి మడమ రెండంగుళాలు జరపమనే కోచ్ మేలు. మాటలు తమిళంలో సాగినా ఆజ్ఞలు మాత్రం ఇంగ్లీషులోనే వస్తాయి: లోడ్, స్టార్ట్, స్టాప్, అన్‌లోడ్. ‘స్టాప్’ అన్న మాట ఎవరు అన్నా, ఎందుకన్నా, వేలు వెంటనే ట్రిగ్గర్ మీంచి తీసేయాలి.

భద్రతా నియమాలు కొద్దివే, కాని వాటిలో ఏ ఒక్కదానికీ మినహాయింపు లేదు. గొట్టం మూతి ఎప్పుడూ టార్గెట్ వైపే ఉండాలి. గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ లోపలికి పోకూడదు. కాల్చని సమయంలో పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) పెట్టే చోట కొట్టొచ్చినట్టు కనబడే రంగు సేఫ్టీ ఫ్లాగ్ ఉండాలి. ముందు ఎవరైనా టార్గెట్ దగ్గరికి వెళ్తే రైఫిల్ ముట్టుకోకూడదు. పెల్లెట్లు సీసంతో చేసినవి గనుక రేంజిలో ఏమీ తినకుండా, బయటికి రాగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మనవలున్న ఇంట్లో ఈ చివరి నియమం రెట్టింపు ముఖ్యం.

మూడో మెట్టు: నిలబడటం

నా అనుభవంలో ఈ ఆటలో ముప్పాతిక వంతు ఇక్కడే ఉంది, అందుకే దీనికి తొందర పనికిరాదు. పోటీ రైఫిల్ బరువు 5.5 కిలోల దాకా ఉండవచ్చు. అయిదు కిలోల బియ్యం సంచిని చేతులతో పట్టుకుని గంటసేపు నిలబడటం ఎవరికీ సాధ్యం కాదు. రైఫిల్ బరువును కండరాలు కాక ఎముకలు మోయాలని చెప్పేది అందుకే. చంకన నీళ్ల బిందె పెట్టుకున్న మనిషిని గుర్తు తెచ్చుకోండి. ఆమె తుంటిని ఒక పక్కకు తోసి, బిందె బరువును చేతి మీద కాక తుంటి ఎముక మీద దించుతుంది. రైఫిల్ షూటర్ చేసేది దాదాపు అదే.

కుడిచేతి వాటం ఉన్నవారు ఎడమ భుజం టార్గెట్ వైపు ఉండేలా పక్కకు తిరిగి, పాదాలు భుజాలంత ఎడంగా ఉంచి, మోకాళ్లు బిగపట్టకుండా నిలబడాలి. తుంటిని టార్గెట్ వైపు కొద్దిగా తోసి, ఎడమ మోచేతిని తుంటి ఎముక మీదనో, అందకపోతే దానిపైన పక్కటెముకల మీదనో ఆన్చాలి. పొట్ట ఉన్నవారికి మోచేయి ఎక్కడ ఆనుతుందన్నది వారు స్వయంగా కనిపెట్టుకోవలసిందే. నాకు మూడు వారాలు పట్టింది. ముంజేయి నిలువుగా పైకి లేచి రైఫిల్‌ను పిడికిలి మీదనో అరచేతి మీదనో మోస్తుంది. నడుము పైభాగం కాస్త వెనక్కి వాలి, ముందున్న రైఫిల్ బరువును తూచినట్టు సరిచేస్తుంది. తల నిటారుగా ఉండాలి. మెడను రైఫిల్ దగ్గరికి వంచడం కాదు, రైఫిల్‌ను చెంప దగ్గరికి తేవాలి. చెంప ఆనే చీక్ పీస్, భుజానికి ఆనే బట్ ప్లేట్ ఎత్తులు సవరించుకునే ఏర్పాటు ఉన్నది అందుకే.

ఇలా నిలబడ్డాక కళ్లు మూసుకుని రెండు శ్వాసలు తీసి, మళ్లీ కళ్లు తెరవండి. సైట్లు టార్గెట్‌కు కుడివైపు పోయి ఉంటే చేతులతో లాగి తేకండి. వెనుక పాదాన్ని కొంచెం జరిపి, మళ్లీ కళ్లు మూసి తెరిచి చూడండి. ఒళ్లు తనంతట తాను టార్గెట్ వైపు చూసేదాకా ఈ పని చేయాలి. చేతులతో లాగి తెచ్చిన గురి, ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కండరం సడలగానే తన చోటికి తాను పోతుంది.

మొదటి నెలలో రైఫిల్‌ను ఒక్కసారికి 30 సెకన్లకు మించి ఎత్తి ఉంచకండి. పది ఎత్తులకు ఒకసారి కుర్చీలో కూర్చోండి. నడుము నొప్పి కాక వెన్నులో చురుక్కుమనే బాధ వస్తే ఆ రోజుకు ఆపి, ఫిజియోథెరపిస్టును కలవండి.

నాలుగో మెట్టు: శ్వాస, ట్రిగ్గర్

గాలి పీల్చి, వదులుతూ రైఫిల్‌ను టార్గెట్ మీదికి దించి, సహజంగా శ్వాస ఆగే చోట గురి నిలపాలి. ఆ నిశ్చలత ఎనిమిది పది సెకన్లకు మించి ఉండదు. ఆ లోపు గుండు పేలకపోతే రైఫిల్ దించేసి మళ్లీ మొదలుపెట్టాలి. దించేయడం చాలా కష్టమైన విద్య. ఇంతదాకా వచ్చాక వదలడమెందుకన్న పీనాసితనం మన వయసువారిలో ఎక్కువ.

ఫ్రంట్ సైట్ వలయం లోపల నల్లని గుండ్రం, దాని చుట్టూ సమానమైన తెల్లని అంచు కనిపించాలి. ఆ అంచు బాగా సన్నగా ఉంటే గురి నిశితమవుతుందని కోచ్‌లు పిల్లలకు చెబుతారు. పెద్దవారి కంటికి ఇది ఎదురు తిరుగుతుంది. వలయం బిగుతుగా ఉంటే నలుపు ఎక్కడ ఆగిందో తెలియక కన్ను తచ్చాడుతుంది. 4 మిల్లీమీటర్లకు కొంచెం పైనుండే వలయం పెట్టి చూడండి. పీప్ రంధ్రం విషయమూ ఇంతే; చిన్నదైతే అన్నీ స్పష్టమవుతాయి గాని వెలుతురు తగ్గుతుంది, వయసు మీద పడిన కంటికి ఆ వెలుతురే కావాలి.

ఈ రెండు సైట్ల మధ్య దూరం 80 సెంటీమీటర్లనుకుంటే, అక్కడ 0.2 మిల్లీమీటర్ల తేడా పది మీటర్ల దగ్గర 2.5 మిల్లీమీటర్లు, అంటే సరిగ్గా ఒక పాయింటు అవుతుంది. టార్గెట్ మీద చూపు పెట్టి సైట్లను నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో ఈ లెక్కే చెబుతుంది. ట్రిగ్గర్‌ను మొదటి దశ దాకా మెల్లగా లాగి ఆపి, గురి కుదరగానే అదే ఒత్తిడిని పెంచుతూ పోవాలి. పేలిన తరువాత కూడా రెండు సెకన్లపాటు కదలకుండా, సైట్లు ఎక్కడ నిలిచాయో చూడాలి. రేంజిలో దీన్ని ఫాలో త్రూ అంటారు.

మొదటి నెలల్లో పాయింట్లు లెక్కపెట్టవద్దు, గ్రూపింగ్ చూడండి. పది గుండ్లు ఒకే మూల చిన్న గుంపుగా పడితే మీ పని సరిగ్గా ఉన్నట్టే. సైట్ తిప్పి దాన్ని మధ్యకు తేవడం నిమిషం పని. గుంపు కింద కుడివైపు పడుతుంటే పీప్‌ను పైకి, ఎడమకు జరపాలి. ఒక్కొక్క గుండుకూ సైట్ తిప్పేవాడు వణుకును వెంబడిస్తున్నాడే గాని గురిని కాదు.

రేంజి లేని రోజుల్లో ఇంట్లో గోడ మీద నల్లని చుక్క పెట్టి, పెల్లెట్ లేకుండా ఇరవై నిమిషాలు ఎత్తి పట్టుకోవడం సాధన చేయవచ్చు. సొంత రైఫిల్ లేనివారు అదే భంగిమలో ఒక బరువైన కర్ర పట్టుకున్నా నడుముకు అలవాటవుతుంది. సాధనకు ముందు ఫిల్టర్ కాఫీ తాగాలా వద్దా అన్నది ఎవరికి వారు తేల్చుకోవలసిన ధర్మసందేహం. నాకు అరగ్లాసు మేలు చేస్తుంది, గ్లాసు నిండా తాగితే వలయం నాట్యమాడుతుంది. మధుమేహం ఉన్నవారు మాత్రం ఖాళీ కడుపుతో రేంజికి వెళ్లకూడదు.

అయిదో మెట్టు: కొనుగోలు

కనీసం ఆరు నెలలు అద్దె రైఫిల్‌తో కాల్చాక ఈ అధ్యాయం తెరవండి. నేను మొదటి నెలలోనే ఒక దుకాణదారు మాట విని, గొట్టం విరిచి స్ప్రింగు బిగించే రకం రైఫిల్ కొన్నాను. అరవై గుండ్లు కాల్చాలంటే అరవైసార్లు ఆ స్ప్రింగును లాగాలి; మధుమేహంతో అప్పటికే బిగుసుకున్న నా భుజం పదిహేను రోజుల్లో పైకి లేవనంది. సిలిండరులో నింపిన గాలితో పనిచేసే రకంలో ఆ శ్రమ లేదు. ప్రెసిహోల్ వంటి మన దేశపు తయారీలు తక్కువ ఖర్చులో దొరుకుతాయి. వాల్టర్, ఫైన్‌వెర్క్‌బావ్, స్టెయిర్ వంటి విదేశీ పోటీ రైఫిళ్లకు రెండు లక్షలకు పైగా పెట్టాలి. పాతది కొనేవారు సిలిండరు మీద ముద్రించిన తయారీ తేదీ చూసుకోవాలి. దాని ఆయువు పదేళ్లు.

రైఫిల్ కంటే ముందు జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్ కొనండి. దళసరి కాన్వాసుతో కుట్టే ఆ జాకెట్ నడుముకు ఊతమిస్తుంది కాబట్టి మన వయసులో అది అలంకారం కాదు, అవసరం. కొలతలిచ్చి కుట్టించుకోవాలి. చెన్నై ఉక్కపోతలో అది అరగంటకే తడిసి ముద్దవుతుంది గనుక లోపల నూలు బనియను వేసుకుని, ఇంటికి రాగానే జాకెట్‌ను నీడలో ఆరవేయాలి. సముద్రపు గాలికి ఇనుము తొందరగా తుప్పు పడుతుంది. రైఫిల్‌ను పెట్టెలో పెట్టేముందు నూనె గుడ్డతో తుడిచి, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి ఉంచండి.

చట్టం సంగతి క్లుప్తంగా ఇది. ఆయుధాల చట్టం 1959, దాని కింద వచ్చిన 2016 నియమాల ప్రకారం, 4.5 మిల్లీమీటర్ల గొట్టం కలిగి 20 జౌళ్ల శక్తి మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కరలేదు. పోటీ ఎయిర్ రైఫిళ్లు ఈ హద్దుకు చాలా లోపలే ఉంటాయి. గుర్తింపు పత్రాల నకళ్లు ఇచ్చి, బిల్లు భద్రపరచుకుని, రైఫిల్‌ను ఎప్పుడూ పెట్టెలోనే తీసుకువెళ్లాలి. లైసెన్సు అక్కరలేదు గదా అని మేడ మీద కాల్చడం మాత్రం కూడదు. 50 మీటర్ల పోటీలో వాడే పాయింట్ 22 రైఫిల్ నిజమైన తూటాలు కాల్చే ఆయుధం, దానికి లైసెన్సు తప్పనిసరి.

ఆరో మెట్టు: మొదటి పోటీ

క్లబ్బు సభ్యత్వం ద్వారా రాష్ట్ర సంఘం పోటీలకూ, అక్కడి స్కోరును బట్టి ఆపై స్థాయికీ వెళ్లే దారి ఉంది. 1951లో ఏర్పడిన భారత జాతీయ రైఫిల్ సంఘం 45 నిండినవారికి మాస్టర్, 60 నిండినవారికి సీనియర్ మాస్టర్ విభాగాలు నడుపుతోంది గనుక, పదహారేళ్ల చిచ్చరపిడుగులతో పోల్చి చూసుకుని దిగులు పడనక్కరలేదు.

పోటీలో సన్నాహానికీ గురి సరిచూసుకోవడానికీ 15 నిమిషాలు ఇస్తారు, ఆ సమయంలో ఎన్ని గుండ్లయినా కాల్చవచ్చు. తరువాత ఎలక్ట్రానిక్ టార్గెట్ మీద 60 గుండ్లకు 75 నిమిషాలు. ఒక్కొక్క గుండుకు దశాంశాలతో కలిపి గరిష్ఠంగా 10.9, మొత్తం 654. పది గుండ్లకు పన్నెండు నిమిషాల చొప్పున లెక్క వేసుకుంటే ప్రతి పదింటి తరువాతా కూర్చుని, గుక్కెడు నీళ్లు తాగి లేవడానికి సమయం మిగులుతుంది. నేను మొదటి పోటీలో పక్క లేనులోని కుర్రవాడి వేగానికి తెలియకుండానే జత కలిపి, నలభై నిమిషాలకే 60 గుండ్లూ ముగించాను. చివరి ఇరవై గుండ్లు ఎక్కడ పడ్డాయో నేను చెప్పకపోవడమే బాగుంటుంది. గడియారాన్ని చూడండి, పక్క తెరను చూడకండి. ‘స్టాప్’ వినబడగానే గుండు మిగిలి ఉన్నా రైఫిల్ దించి, ఫ్లాగ్ పెట్టి, రేంజి అధికారి వచ్చి చూసి తల ఊపేదాకా దాన్ని మీ చోటు నుంచి కదపకండి.